సూపర్ కంప్యూటర్ల ఇంటికి సింహద్వారం

మీట నొక్కగానే దీపం వెలుగుతుంది. ఆ విద్యుత్తు శ్రీశైలంలో పుట్టినదా, కొత్తగూడెంలో పుట్టినదా, లేక మా వాషింగ్టన్ రాష్ట్రంలోని గ్రాండ్ కూలీ ఆనకట్ట వద్ద పుట్టినదా అని గృహస్థు విచారించడు. గణనశక్తి కూడా ఇట్లే ఎక్కడెక్కడి యంత్రాల నుండో ప్రవహించి, కోరినవారికి కోరినచోట అందాలన్న ఆశయానికే గ్రిడ్ కంప్యూటింగ్ అని పేరు. 1998లో ఇయాన్ ఫాస్టర్, కార్ల్ కెసెల్మన్‌ల సంపాదకత్వంలో వెలువడిన 'ది గ్రిడ్' అన్న గ్రంథం ఈ పేరును శాస్త్రలోకంలో స్థిరపరచింది. అయితే విద్యుత్తుకు గోడమీద మీట ఉంది. ఈ గణన జాలానికి చాలాకాలం అటువంటి మీట లేదు. ఆ లోటు తీర్చినవే వెబ్ పోర్టళ్లు. వాటి నిర్మాణం గురించి ముచ్చటించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రసాయన శాస్త్రజ్ఞునికి ఇంతటి గణనశక్తి ఎందుకన్న సందేహం పాఠకులకు కలగవచ్చు. ఒక అణువులోని ఎలక్ట్రానుల ప్రవర్తనను క్వాంటం సిద్ధాంతం ప్రకారం లెక్క కట్టడం సాధ్యమే. ఆ మార్గాన్ని సుగమం చేసినందుకే 1998లో జాన్ పోపుల్, వాల్టర్ కోన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. కాని విశ్వసనీయమైన పద్ధతులలో శ్రమ మెండు. ఎక్కువమంది ప్రామాణికంగా భావించే ఒక పద్ధతిలో, అణువు పరిమాణం రెట్టింపైతే పని రెండింతలు కాదు, 128 రెట్లు పెరుగుతుంది. ఒక రోజులో ముగిసిన లెక్క నాలుగు నెలలు దాటుతుందన్నమాట! కనుక బల్లమీది కంప్యూటర్‌తో సరిపెట్టుకోవడం కుదరదు. సూపర్ కంప్యూటర్‌ను ఆశ్రయించవలసిందే.

అక్కడే చిక్కు. ఒక్కొక్క కేంద్రంలో ఒక్కొక్క ఖాతా, ఒక్కొక్క ఆజ్ఞాభాష, ఒక్కొక్క వరుసక్రమం. దస్త్రాన్ని అక్కడికి పంపాలి, పనిని వరుసలో నిలపాలి, అది ముగిసినదో మధ్యలో కూలినదో కనిపెట్టాలి, ఫలితాన్ని వెనక్కు తెచ్చుకోవాలి. తన అణువును గురించి ఆలోచించవలసిన విద్యార్థి ఆజ్ఞలలోని అక్షరదోషాలు వెదుక్కుంటూ కూర్చునేవాడు. పెద్ద విశ్వవిద్యాలయాలలో దారి చూపే సహాధ్యాయి ఉంటాడు. చిన్న కళాశాలలో ఉండడు. యంత్రం ప్రజాధనంతో కొన్నదే అయినా, దాని తలుపు కొందరికే తెరుచుకునేది.

పోర్టల్ అంటే ఈ తతంగమంతటినీ వెనుకకు నెట్టి, బ్రౌజర్‌లో ఒకే పుటను ముందు నిలిపే సింహద్వారం. ఆ పుటలోని ఒక గది ప్రవేశానికి, ఒకటి దస్త్రాల రవాణాకు, ఒకటి పని అప్పగించడానికి, ఒకటి పని పురోగతి చూపడానికి. ఈ గదులు రసాయన శాస్త్రానికైనా, వాతావరణ శాస్త్రానికైనా ఒక్కటే. అటువంటప్పుడు ప్రతి ప్రయోగశాల వాటిని మళ్లీ మళ్లీ కట్టుకోవడం దేనికి? వడ్రంగి ఒకే కొలతకు చేసిన ద్వారబంధం ఏ ఇంటికైనా అమరుతుంది కదా! ఈ ఆలోచనతోనే 2003లో జె.ఎస్.ఆర్. 168 అనే ప్రమాణం వెలువడింది. దానికి లోబడిన విడిభాగాన్ని పోర్ట్‌లెట్ అన్నారు. ఐరోపాలో గ్రిడ్‌స్ఫియర్, అమెరికాలో ఓపెన్ గ్రిడ్ కంప్యూటింగ్ ఎన్విరాన్‌మెంట్స్ అనే ప్రయత్నాలు ఈ బాటలోనే నడిచాయి.

ప్రవేశపు గది పనితీరు ప్రవాసాంధ్రులకు సులభంగా బోధపడుతుంది. స్వగ్రామంలోని పొలం వ్యవహారం చక్కబెట్టడానికి మనం బంధువుకు పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసి ఇస్తాం. అట్లే వాడుకరి తన పేరిట కొద్ది గంటలు మాత్రమే చెల్లే అధికారపత్రాన్ని పోర్టల్‌కు ఇస్తాడు. గడువు తీరగానే అది చెల్లని కాగితం. అసలు తాళంచెవి ఎవరి చేతికీ పోదు.

ద్వారం వెనుక జరగవలసిన పనిలో కొంత మా బాతెల్‌లోనే జరిగింది. 1990లో నెలకొన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు బాతెల్ ప్రాంగణంలో ప్రొఫెసర్ మునెహిరో ఫుకుడా బృందం 'ఏజెంట్ టీమ్‌వర్క్' అనే వ్యవస్థను రూపొందించి, 2006లో దాని వివరాలు ప్రచురించింది. ఇందులో యంత్రం నుండి యంత్రానికి స్వయంగా తరలిపోగల చిన్న ప్రోగ్రాములు పనిని పంచుకుంటాయి. ఒకటి పనిని స్వీకరిస్తుంది, ఒకటి తగిన కంప్యూటర్లను వెదుకుతుంది, ఒకటి కాపలా కాస్తుంది, మరొకటి లెక్క ఎంతవరకు వచ్చినదో ఎప్పటికప్పుడు భద్రపరుస్తుంది. నడుమ ఒక కంప్యూటర్ కూలినా, లెక్క మొదటికి రాదు. వేరొక కంప్యూటర్ మీద కొనసాగుతుంది.

రసాయన శాస్త్రానికి సంబంధించి చెప్పుకోదగినది గ్రిడ్‌కెమ్. 2004 ప్రాంతంలో పలు కేంద్రాల సహకారంతో మొదలైన ఈ ప్రయత్నంలో, ఇల్లినాయిలోని జాతీయ సూపర్ కంప్యూటింగ్ కేంద్రంలో పనిచేసిన పమిడిఘంటం సుధాకర్ ముఖ్యపాత్ర వహించారు. ఇందులో వాడుకరికి కనిపించే భాగం బ్రౌజర్‌లో కాక, తన కంప్యూటర్ మీదనే నడిచే జావా ప్రోగ్రాం. అయినా అది చేసిన పని ద్వారం పనే. మరొకవైపు ఇండియానా విశ్వవిద్యాలయంలో మార్లన్ పియర్స్, మర్రు సురేశ్ ప్రభృతులు పోర్టళ్ల వెనుక నడిచే భాగాలను కూర్చి 'ఐరావతం' పేరుతో అందరికీ ఉచితంగా ఇచ్చారు. 2012లో అది అపాచీ సంస్థ పూర్తిస్థాయి ప్రాజెక్టు అయింది. గ్రిడ్‌కెమ్ తరువాతి రూపమైన సీగ్రిడ్ ఈ దేవేంద్రుని ఏనుగు మీదనే నిలిచింది. ఇటువంటిదే మరొకటి: జీవుల వంశవృక్షాలు గీయడానికి సాన్ డియేగోలో కట్టిన సిప్రెస్ పోర్టల్ చట్రాన్నే తరువాత నాడీశాస్త్రజ్ఞుల పోర్టల్‌కు వాడుకున్నారు.

ఇంతకూ విడిభాగాల మీద ఇంత పట్టుదల ఎందుకు? కేవలం శ్రమ తగ్గుతుందని కాదు. ఈ రంగంలో ఏదీ స్థిరం కాదు. 2001లో మొదలైన టెరాగ్రిడ్ 2011లో ముగిసింది. దాని స్థానంలో వచ్చిన ఎక్సీడ్ 2022లో ముగిసి, యాక్సెస్‌కు చోటిచ్చింది. గ్రిడ్‌కు వెన్నెముక వంటి గ్లోబస్ టూల్‌కిట్‌కు నిర్వాహకుల ఆలనాపాలనా 2018 జనవరితో ఆగిపోయింది. పోర్ట్‌లెట్లు కూడా వాడుక తప్పాయి. ఏకశిలగా కట్టిన పోర్టల్ ఇటువంటి ఒక్క మార్పుకే కూలుతుంది. భాగాలుగా కట్టినదైతే పాత ద్వారబంధం తీసి కొత్తది అమర్చుకోవచ్చు. గ్రాంటు ముగిసిన నాడు పోర్టల్ మూతబడితే, నష్టపోయేది దాన్ని కట్టినవారు కాదు. వేరే దారి లేని చిన్న కళాశాల విద్యార్థులు.

మన దేశంలో సి-డాక్ నిర్మించిన గరుడ గ్రిడ్ హైదరాబాదుతో సహా 17 నగరాలలోని 45 సంస్థలను కలిపింది. దానికీ ఒక ప్రవేశద్వారం ఉండేది. దూరం ఎంతైనా విద్యార్థికి కావలసినది ఆ ఒక్క పుటే.

చివరిగా, మన కుటుంబాల విషయం ఒకటి. మన పిల్లలను శాస్త్రజ్ఞులు కమ్మనో, సాఫ్ట్‌వేర్ నేర్వమనో రెండు దారులే చూపుతున్నాం. ఈ రెంటి నడుమ, శాస్త్రం తెలిసి, ఇతరులకు తలుపు తెరిచే పని ఒకటి ఉన్నది. పరిశోధన పత్రంలో అణువును లెక్కించినవాని పేరు మొదట ఉంటుంది. పోర్టల్ కట్టినవాని పేరు తరచు ఉండనే ఉండదు. ఆ పేరు కూడా పత్రంలో చేర్చడం మా తరం పరిశోధకుల బాధ్యత. ఆ పని కూడా శాస్త్రమేనని ఇంట్లో పిల్లలకు చెప్పడం తల్లిదండ్రుల వంతు.