గోల్ఫ్ స్కూల్లో చేర్పించాలా, వద్దా?



ఇంటర్ పాసైన పిల్లాడో పిల్లో, కాలేజీ దరఖాస్తుకి బదులు గోల్ఫ్ శిక్షణ పాఠశాల వారి రంగురంగుల పుస్తకం తెచ్చి మీ చేతిలో పెట్టారనుకోండి. నవ్వి తీసిపారెయ్యకండి. అలాగని బ్యాంకులో దాచిన డబ్బు తీసి మర్నాడే ఫీజు కట్టెయ్యకండి.

గవర్నర్‌పేట మేడల మధ్య పెరిగిన పిల్లలకి ఈ ఆట టీవీలోనే పరిచయం. పద్దెనిమిది గుంటల మైదానానికి సుమారు నూరెకరాలు కావాలి. నూరెకరాలంటే ఎన్ని బస్తాల ధాన్యమో అని లెక్క వేసుకునే డెల్టా వాళ్ళం మనం! అయినా ఆట మన రాష్ట్రానికి కొత్త కాదు. విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు 1884 నాటిది.

ముందు పిల్లల్ని ఒక్క మాట అడగండి. ఆడి సంపాదిస్తావా, ఆట చుట్టూ ఉన్న ఉద్యోగం చేస్తావా అని.

ఆడి సంపాదించడం చాలా కష్టం. నాలుగు రోజుల పోటీలో సాధారణంగా రెండో రోజు కాగానే వెనకబడ్డవాళ్ళని ఆపేస్తారు. దీన్ని ‘కట్’ అంటారు. అది దాటనివారికి మామూలుగా బహుమతి సొమ్ము ఉండదు. రైలు చార్జీ, హోటలు ఖర్చు మాత్రం ఎవరిది వారిదే. బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ ఐదేళ్ళప్పుడు కర్ర పట్టింది, పదిహేడేళ్ళకి, 2016 జనవరిలో, ప్రొఫెషనల్ అయింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క దెబ్బ తేడాలో పతకం పోయి నాలుగోదిగా నిలిచింది. అక్కడ ఆమె సంచి మోసింది కన్నతల్లే. మరి పద్దెనిమిదేళ్ళకి మొదటిసారి కర్ర పట్టినవాణ్ణి రెండేళ్ళలో ఆటగాణ్ణి చేస్తామని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఇంకో తిరకాసుంది. గోల్ఫులో ‘టూర్ స్కూల్’ అంటే పాఠాలు చెప్పే బడి కాదు, ప్రవేశ పరీక్ష. 2015 డిసెంబరులో అదితి మొరాకోలో నెగ్గినది అలాంటిదే. మాట ఒకటే కదా అని పొరబడకండి.

ఇప్పటికే ఆడుతున్న పిల్లలైతే ‘హ్యాండికాప్’ ఎంతో అడగండి. డెబ్బై రెండు దెబ్బల్లో ముగించాల్సిన ఆటని తొంభైలో ముగించేవారి హ్యాండికాప్ రమారమి పద్దెనిమిది. అది సున్నాకి దగ్గర పడకపోతే ఆడి బతకాలనే ఆలోచన మానుకోవాలి.

ఉద్యోగాల సంగతి వేరు. కోచ్ కావాలంటే 1955లో ఏర్పడ్డ ఇండియన్ గోల్ఫ్ యూనియన్ వారి నేషనల్ గోల్ఫ్ అకాడమీ శిక్షణ, గుర్తింపు ఇస్తుంది. మీరు చూస్తున్న స్కూలు సర్టిఫికెట్టుకి ఎక్కడ విలువుందో క్లబ్బుల వారినే అడిగి తెలుసుకోండి, స్కూలు వారిని కాదు.

మైదానం పెంచేవాళ్ళూ కావాలి. వాళ్ళు బెర్ముడా గడ్డి అని గొప్పగా చెప్పేది ఏమిటనుకున్నారు? మన గరికేనండీ! చేలో పీకి పారేసి, వినాయక చవితికి వెతుక్కునే గరిక. అందులో రకరకాలు తయారుచేసి, నీరూ ఎరువూ కొలిచి పెట్టి, వేలెడు కాదు, మిల్లీమీటర్లలో కత్తిరిస్తారు. ఈ పనిమీద మక్కువుంటే గోల్ఫ్ స్కూలు కన్నా బాపట్ల వ్యవసాయ కళాశాల చదువే మేలని నా అభిప్రాయం. క్లబ్బులో పని దొరక్కపోయినా ఆ డిగ్రీ వృథా పోదు.

అన్నీ చూసి సరేననుకుంటే, కిందటేడు పాసైన పిల్లలు ముగ్గురితో మాట్లాడండి, ఇప్పుడేం చేస్తున్నారో వాళ్ళ నోటే వినండి. మధ్యలో మానేస్తే ఫీజులో ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. సీటు ఏడాది ఆపుతారేమో కూడా అడగండి. ఆపితే, ఈలోగా బంధువులున్న ఊళ్ళో, బయటివారిని రానిచ్చే మైదానంలో, అద్దె కర్రలతో ఓ నెల్లాళ్ళు ఎండలో ఆడించి చూడొచ్చు.