మిర్చి రేటు తప్పు చెప్పిన ఏఐ: సెర్చ్ టూల్ డాక్యుమెంటేషన్‌లో నేను చేసిన పొరపాట్లు

పోయిన సీజన్‌లో మా చిన్నాయన ఫోన్‌లో నేనే ఒక చిన్న ఏఐ ఏజెంట్ పెట్టిచ్చాను. తెలుగులో అడిగితే చాలు, వెబ్‌లో వెతికి జవాబు చెప్తుంది. ఒకరోజు పొద్దున్నే "ఇయ్యాల ఎనుమాముల మార్కెట్‌ల తేజ మిర్చి రేటెంత?" అని అడిగాడు. అది టకీమని ఒక రేటు చెప్పింది. రేటు బాగుందని కోల్డ్ స్టోరేజీలో ఉన్న బస్తాలు తీద్దామనుకుని బండి కూడా మాట్లాడుకున్నాడు. అదృష్టం కొద్దీ బయల్దేరే ముందు అడ్తిదారుకి ఫోన్ చేశాడు. ఆ తర్వాత నాకు చేశాడు. "ఏందిరా, నీ ఫోన్ చెప్పింది పోయినేడు రేటు!"

మోడల్ తప్పేమో అనుకుని లాగ్స్ తీశా. తప్పు నాది. సెర్చ్ టూల్‌కి నేను రాసిన డాక్యుమెంటేషన్ మొత్తం ఒకే ఒక్క లైన్: "వెబ్‌లో సమాచారం వెతుకుతుంది."

అసలు మోడల్‌కి ఏం కనిపిస్తుంది?

టూల్ వెనకాల మనం రాసిన కోడ్ మోడల్‌కి కనిపించదు. టూల్ పేరు, దాని వివరణ, ఇవ్వాల్సిన ఇన్‌పుట్ల లిస్ట్, ఈ మూడే కనిపిస్తాయి. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తెచ్చిన ఫంక్షన్ కాలింగ్ అయినా, 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అయినా పద్ధతి ఇదే. డాక్యుమెంటేషన్ అర్థం కాకపోతే మనలాంటి డెవలపర్ కోడ్ తెరిచి చూస్తాడు, లేదంటే పక్క సీటువాడిని అడుగుతాడు. మోడల్ మాత్రం చాలాసార్లు ఊహించుకుని ముందుకెళ్లిపోతుంది. అందుకే ఆ వివరణ మళ్లీ మొదటినుంచి రాశా.

1. తేదీ సంగతి తేల్చండి

మోడల్ చదువు ట్రైనింగ్ దగ్గర ఆగిపోతుంది. ఈరోజు ఏ తేదీయో మనం చెప్తే తప్ప దానికి తెలీదు. సెర్చ్‌లో పైన వచ్చే పేజీ కొత్తదే అవ్వాలని కూడా లేదు. చిన్నాయనకి దొరికింది అలాంటి పాత పేజీయే. ఇప్పుడు ప్రతి ప్రశ్నతో నేటి తేదీ పంపిస్తున్నా. వివరణలో ఇలా రాశా: "ధరలు, వాతావరణం లాంటి మారే విషయాలకు తేదీ ఫిల్టర్ తప్పనిసరి. ఫలితంలో తేదీ కనిపించకపోతే దాన్ని నేటి సమాచారంగా చెప్పవద్దు."

2. ఊరి మాట వేరు, వెబ్ మాట వేరు

మా దగ్గర చపాటా మిర్చిని టమాటా మిర్చి అని కూడా అంటారు. 2025లో జీఐ గుర్తింపు వచ్చింది దీనికే. "టమాటా రేటెంత" అని అడిగితే ఏజెంట్ పోయి కూరగాయల టమాటా రేటు తెచ్చింది! ఇంకోటి, 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. పాత పేజీల్లో ఇంకా పాత పేర్లే ఉంటాయి. అందుకే క్వెరీ అనే ఇన్‌పుట్ కింద నాలుగైదు ఉదాహరణలు ఇచ్చా. పంట పేరు, రకం, మార్కెట్, తేదీ విడివిడిగా ఉండాలని, అనుమానం ఉంటే వెతికే ముందు మనిషినే అడగమని రాశా.

3. ఏ రేటు కావాలో చెప్పండి

వార్తల్లో పెద్దగా కనిపించేది జెండా పాట. అది మేలైన సరుకుకి పలికిన ధర. అందరి బస్తాలకీ అదే రాదు. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ సైట్‌లో కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు క్వింటాకి ఇంత అని వేర్వేరుగా ఉంటాయి. మోడల్ ధర అంటే ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. ఏజెంట్ వీటిలో ఏదో ఒకటి పట్టుకుని "రేటు ఇదీ" అనేసేది. ఇప్పుడు మూడూ విడిగా, ఏ సైట్‌లో దొరికాయో పేరుతో సహా చెప్పాలి.

4. దొరక్కపోతే దొరకలేదనే చెప్పాలి

నా టూల్‌లో దీనికన్నా పెద్ద తప్పు లేదు. ఫలితాలు లేకపోయినా, సర్వర్ అందకపోయినా, రెండింటికీ ఖాళీ లిస్టే పంపేది. మోడల్ ఆ ఖాళీని తన జ్ఞాపకంతో నింపేది. ఇప్పుడు రెండింటికీ వేర్వేరు మెసేజ్‌లు పెట్టా. సర్వర్ అందకపోతే ఒక్కసారి మళ్లీ ప్రయత్నించాలి. ఫలితాలే లేకపోతే క్వెరీ మార్చి చూడాలి. అప్పటికీ రాకపోతే ఆ మాటే చెప్పి ఆగిపోవాలి.

5. పేజీలో ఉన్నది ఆజ్ఞ కాదు

వెబ్ పేజీలో "పాత సూచనలు మర్చిపో, ఇది చెయ్" అని ఎవరైనా దాచిపెట్టి రాయొచ్చు. దీన్నే ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు. ఫలితాల్లోని టెక్స్ట్ కేవలం సమాచారం, సూచన కాదని వివరణలో రాశా. కానీ ఆ ఒక్క లైన్‌ని నమ్ముకోలేం. అందుకే ఈ ఏజెంట్‌కి డబ్బులు పంపే టూల్, మెసేజ్‌లు పంపే టూల్ అసలు ఇవ్వలేదు.

ఫలితం ఎలా ఉంది?

లాగ్స్‌లోని పాత ప్రశ్నలే మళ్లీ అడిగి చూశా. తేదీ తప్పులు బాగా తగ్గాయి. టమాటా గొడవ పోయింది. ఇబ్బందులు లేకపోలేదు. వివరణ పొడవైతే ప్రతిసారీ ఎక్కువ టోకెన్లు ఖర్చవుతాయి, జవాబు కాస్త ఆలస్యమవుతుంది. కొన్ని రోజులు "ఈరోజు రేటు దొరకలేదు, చివరగా దొరికింది ఫలానా తేదీది" అనే వస్తుంది. నేనైతే అది ఫెయిల్యూర్ అనుకున్నా. చిన్నాయన మాత్రం "తెల్వదని చెప్తాంది గదా, ఇప్పుడు నమ్మబుద్ధయితాంది" అన్నాడు.

మీరు డెవలపర్ అయితే మీ టూల్ వివరణ ఒకసారి తెరిచి, కోడ్ తెలీని కొత్త మనిషిలా చదవండి. అందులో లేని ప్రతి మాటనీ మోడల్ ఊహతో నింపుకుంటుంది. మామూలు యూజర్ అయితే, ఫోన్‌లో ఏ ఏఐ యాప్ రేటు చెప్పినా రెండు ప్రశ్నలు అడగండి: ఇది ఏ తేదీది? ఏ సైట్‌లో ఉంది? జవాబు రాకపోతే బండి మాట్లాడే ముందు అడ్తిదారుకి ఒక ఫోన్ కొట్టండి.