పిల్లలు తమిళంలో జవాబిస్తే ఏం చేయాలి?

మనం తెలుగులో అడుగుతాం, పిల్లలు తమిళంలో జవాబిస్తారు. మన సంఘం ఆఫీసుకు వచ్చే తల్లిదండ్రులు ఎక్కువగా చెప్పుకునే బాధ ఇదే. కొందరు కోప్పడతారు. కొందరు "తెలుగులో అడిగితేనే అన్నం పెడతా" అని బెదిరిస్తారు. మరికొందరు "వీళ్ళకు ఇంక తెలుగు రాదులే" అని వదిలేస్తారు. ఈ మూడు దారుల్లోనూ తెలుగు నిలవదు. పైగా పిల్లల మనసు నొచ్చుకుంటుంది. వాళ్ళు అలా ఎందుకు మాట్లాడతారో తెలుసుకుంటే మన కోపం సగం తగ్గుతుంది.

అది పొగరు కాదు

2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవారు 42 లక్షల పైచిలుకు. ఇంతమందిమి ఉన్నా మన పిల్లల బడి మాత్రం తమిళంలోనో ఇంగ్లీషులోనో సాగుతోంది. 2006లో వచ్చిన చట్టం ప్రకారం 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏడాదికి ఒక తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేశారు. 2015-16 నాటికి అది పదో తరగతికి చేరింది. మాతృభాషను ఐచ్ఛికంగా చదువుకునే వీలు ఉన్నా, తెలుగు టీచరు ఉన్న బళ్ళు మనకు ఎన్ని దొరుకుతాయో మీకు తెలుసు. పాఠం, ఆట, స్నేహం, పరీక్ష అన్నీ వేరే భాషలో జరిగే పిల్లవాడికి ఆ భాషలోనే మాట ముందు నోటికొస్తుంది. అందులో మనల్ని ఎదిరించడం ఏమీ లేదు.

రాతలో తప్పులకూ కారణం ఉంది

మనకు క, ఖ, గ, ఘ అని నాలుగు అక్షరాలు. తమిళంలో ఆ నాలుగింటికీ ఒక్కటే. అందుకని పిల్లవాడు 'గంట' బదులు 'కంట' అని రాస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. తమిళంలో మనలాగా ఒత్తులు కూడా లేవు. హల్లు మీద చుక్క పెట్టి, పక్కన ఇంకో అక్షరం రాస్తారు. అందుకే 'అమ్మ' అని రాయమంటే 'అమ్‌మ' అని రాసే పిల్లలు ఉన్నారు. అది సోమరితనం కాదు. బడిలో నేర్చుకున్న పద్ధతినే ఇక్కడా వాడుతున్నారు. "నువ్వు రాసింది తమిళం పద్ధతి, మన పద్ధతి ఇలా ఉంటుంది" అని పక్కనే రాసి చూపిస్తే చాలు.

ఇంట్లో ఏం చేయవచ్చు

బడి నుంచి వచ్చిన పిల్లవాడు "పాట్టీ, పసిక్కిదు" అన్నాడనుకోండి. "తెలుగులో చెప్పు" అని నిలబెట్టవద్దు. "ఆకలేస్తోందా నాన్నా? రా, దోసె పోస్తా" అనండి. వాడి మాటకు తెలుగు మాట వాడి చెవిన పడింది, కడుపూ నిండుతుంది. రోజూ ఇలా వింటే కొన్నాళ్ళకు ఆ మాట వాడి నోటనే వస్తుంది. అన్నాన్ని మాత్రం భాషతో ముడిపెట్టకండి.

తెలుగు పాఠానికి రోజుకు పది నిమిషాలు చాలు. అది కూడా తిని, కాసేపు ఆడుకున్నాక. అలసిన పిల్లవాణ్ణి గంటసేపు కూర్చోబెడితే తెలుగంటే శిక్ష అనిపిస్తుంది. బళ్ళలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. బడిలో కూడని పని ఇంట్లో ఎలా కూడుతుంది?

మన ఇంటి యాసను తక్కువ చేయకండి. హోసూరులో మాట్లాడే తెలుగు, కోయంబత్తూరు ఇళ్ళలోని తెలుగు, పుస్తకంలో ఉన్న తెలుగు ఒకటిగా ఉండవు. అవ్వ దగ్గర నేర్చుకున్న మాటను "తప్పు" అంటే పిల్లవాడికి అవ్వే తప్పు చెప్పినట్టు తోస్తుంది. "ఇంట్లో ఇలా అంటాం, పుస్తకంలో అలా రాస్తాం" అనండి.

నలుగురిలో మన పిల్లల పక్షాన

పెళ్ళికో పేరంటానికో ఆంధ్ర వైపు వెళ్ళినప్పుడు "మీ వాడిది అరవ యాస" అని చుట్టాలు నవ్వుతారు. అప్పుడు మనమూ కలిసి నవ్వితే పిల్లవాడు మళ్ళీ ఆ ఇంట్లో తెలుగులో నోరు విప్పడు. "మా వాడికి మూడు భాషలు వచ్చు, మీరు కొంచెం నిదానంగా మాట్లాడండి" అని పిల్లవాడి ముందే చెప్పాలి. అలాగే బడి గేటు దగ్గర స్నేహితుల ముందు తెలుగు మాట్లాడటానికి సిగ్గుపడితే అక్కడే నిలదీయకండి. ఎవరైనా ఎగతాళి చేస్తున్నారేమో ఇంటికొచ్చాక మెల్లగా అడగండి.

ఒక జాగ్రత్త

"రెండు భాషలవల్లే మాటలు ఆలస్యమయ్యాయి, తెలుగు మానేయండి" అని కొందరు సలహా ఇస్తారు. రెండు భాషలు వినడంవల్ల మాటలు ఆగిపోవు. రెండింటినీ కలిపి మాట్లాడటం కూడా లోపం కాదు. అయితే రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి అనకపోతే, పిలిస్తే పలకకపోతే డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. నింద భాష మీద వేసి ఊరుకుంటే అసలు కారణం తెలియకుండా పోతుంది.

ఈ వారం రోజులు ఒక్కటి చేసి చూడండి. పిల్లలు ఏ భాషలో మాట్లాడినా చివరిదాకా వినండి. తర్వాత మీరు తెలుగులో బదులు చెప్పండి. తప్పులు దిద్దడం వచ్చే వారానికి ఉంచుకోవచ్చు.