క్లాసులో ధ్యాస: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఆలోచనలు ఆగిపోవడమే ధ్యానం.

మన ప్రాంతానికి ఈ సాధన కొత్తదేమీ కాదు. సుభాష్ పత్రి 1990లో కర్నూలులో స్పిరిచ్యువల్ సొసైటీ పెట్టి ‘శ్వాస మీద ధ్యాస’ను ఊరూరికీ చేర్చారు. మన నంద్యాల, ఆళ్లగడ్డ అప్పుడు కర్నూలు జిల్లాలోవే. అయినా ఆలోచన వస్తే ధ్యానం చెడినట్టేనని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. మెలకువగా ఉన్న సమయంలో దాదాపు 47 శాతం మన ధ్యాస చేస్తున్న పని మీద ఉండదని 2010లో హార్వర్డ్ పరిశోధకులు తేల్చారు. మనసు ఎటో పోయిందని గమనించి వెనక్కి తెచ్చుకోవడమే సాధన. ఈ సంగతి ముందే చెప్పకపోతే పిల్లలు రెండో రోజుకే ‘మావల్ల కాదు సార్’ అంటారు.

అపోహ: ఇది మతానికి సంబంధించింది, కళ్లు మూసుకుని కూర్చోవాలి.

మూలం బుద్ధుడి బోధనే. అయితే 1979లో జాన్ కబాట్‌జిన్ మసాచుసెట్స్ వైద్య కళాశాలలో దీర్ఘకాలిక నొప్పులున్న రోగులకు ఏ మతాచారమూ లేకుండానే దీన్ని నేర్పారు. ఇక కళ్ల సంగతి. కాలేజీలో కళ్లు తెరిచి చేసే సాధనే ఎక్కువ ఉపయోగమని నా నమ్మకం. హార్వర్డ్‌లో కళాచరిత్ర చెప్పే జెన్నిఫర్ రాబర్ట్స్ తన విద్యార్థులను ఒకే కళాఖండం ముందు మూడు గంటలు కూర్చోబెడతారు. ఆళ్లగడ్డ శిల్పుల పాక దగ్గర మనమూ అలా కూర్చోబెట్టవచ్చు.

మహానంది వ్యవసాయ కళాశాల విద్యార్థికైతే నల్లరేగడిలో ఒక శనగ మొక్క చాలు. ఫోన్ పక్కన పెట్టి పది నిమిషాలు చూడమనండి. మొదటి నిమిషంలో ఆకు, కాయ తప్ప ఏమీ కనపడవు. తర్వాత ఆకు అంచున రంపపు పళ్లు, ఒళ్లంతా సన్నని నూగు తెలుస్తాయి. ముట్టుకుంటే వేలికి పులుపు అంటుతుంది. ఇంకాసేపటికి కాయలో తల దూర్చి, ఒళ్లు బయటే వదిలేసిన పురుగు దొరుకుతుంది. పాఠంలో చదివిన శనగపచ్చ పురుగు అదే. ధ్యాసను పాఠంలో కలపడమంటే ఇదే.

అపోహ: సిలబస్‌కే టైమ్ లేదు.

క్లాసు మొదట్లో చేసే సాధనకు మూడు నిమిషాలు చాలు. హాజరు తీసుకుని క్లాసు సర్దుకునేసరికి అంతకంటే ఎక్కువే పోతుంది.

అపోహ: ఒత్తిడికి ఇదే మందు, అందరికీ మంచిదే.

2018లో ప్రచురితమైన కేంబ్రిడ్జి యూనివర్సిటీ అధ్యయనంలో 616 మంది విద్యార్థులు పాల్గొన్నారు. ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ పొందినవారికి పరీక్షల సమయంలో ఆందోళన తక్కువగా ఉంది. కానీ 2022లో బ్రిటన్‌లో 8,000 మందికి పైగా స్కూలు పిల్లలపై జరిగిన పరిశీలనలో మామూలు బోధన కంటే అదనపు మేలేమీ కనపడలేదు. పైగా పెద్ద దెబ్బ తిన్న మనసు నిశ్శబ్దంలో మరింత కలవరపడవచ్చు. అందుకే బలవంతం కూడదు, మార్కులు అసలే కూడదు. వరుసగా పరీక్షలు పెట్టి, ఊపిరి పీల్చుకుంటే సరిపోతుందనడం అన్యాయం. నిద్ర పట్టని, బతుకు మీద ఆశ పోయిందంటున్న పిల్లలకు కావలసింది వైద్యుడు. ప్రభుత్వ టెలి మానస్ సేవ నంబరు 14416. పరీక్షల టైమ్ టేబుల్ అంటించే ప్రతి నోటీసు బోర్డు మీదా అది ఉండాలి.