ఆంపియర్లు ఎక్కువైతే భయమెందుకు?

ఈసారి దసరా కొలువు మెట్లకి రంగులు మార్చే ఎల్‌ఈడీ స్ట్రిప్పు బిగిస్తానంటున్నావు కదూ బుజ్జీ, ఆర్డుయినో బోర్డుతో? మంచిదే. ప్రోగ్రాము నాకంటే నీకే బాగా వచ్చు, దాని జోలికి నేను రాను. కరెంటు సంగతి మాత్రం ఓసారి కూర్చుని వినమ్మా.

ఇంట్లో పాత అడాప్టర్లు డబ్బాడు పడి ఉన్నాయి. పిన్ను పట్టింది కదా అని ఏదో ఒకటి గుచ్చెయ్యకూడదు. దాని వెనక చిన్నక్షరాలు చదవాలి. ‘ఇన్‌పుట్’ అన్నది గోడలోంచి వచ్చే కరెంటు. మనకి కావలసింది ‘అవుట్‌పుట్’ వరస. అక్కడ వోల్టులూ ఉంటాయి, ఆంపియర్లూ ఉంటాయి. వోల్టుల దగ్గర బేరాల్లేవు. నీ స్ట్రిప్పులోవి డబ్ల్యూఎస్ 2812బి రకం దీపాలు, వాటికి 5 వోల్టులే కావాలి. 12 వోల్టులది తగిలించావో, దసరా దాకా ఆగకుండానే కాలిపోతాయి.

ఆంపియర్ల సంగతి వేరు. అడాప్టరు మీద 10 ఆంపియర్లని రాసుంటే ఆ పదీ బోర్డులోకి తోసేస్తుందేమోనని చాలామందికి బెంగ. తొయ్యదు. పెళ్లిలో వందమందికి వండినా, విస్తరి ముందు కూర్చున్నవాడు తన ఆకలి మేరకే తింటాడు. తక్కువ వండితేనే గొడవ.

మరి నీ స్ట్రిప్పు ఆకలెంత? ఒక్కో దీపంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలు మూడుంటాయి. మూడూ నిండుగా వెలిగితే తెలుపు. అప్పుడు సుమారు 60 మిల్లీఆంపియర్లు లాగుతుంది. మీటరు పొడుగున 60 దీపాలంటే 3.6 ఆంపియర్లు! కంప్యూటరు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 0.5 మాత్రమే. చాలకపోతే వోల్టేజి కుంగుతుంది, బోర్డు మాటిమాటికీ రీసెట్ అవుతుంది. నువ్వేమో ప్రోగ్రాములో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటావు.

ఇంకో తమాషా చూడు. స్ట్రిప్పు చివరికొచ్చేసరికి తెల్ల దీపాలు పచ్చబడి, ఎర్రబడతాయి. ఎర్ర ఎల్‌ఈడీకి 2 వోల్టులు చాలు. నీలానికీ ఆకుపచ్చకీ 3 దాకా కావాలి. సన్నటి రాగి పట్టీ వెంట పోగాపోగా వోల్టేజి తగ్గుతుంది కనక నీలం ముందు నీరసిస్తుంది, ఎరుపు మిగిలిపోతుంది. రెండు చివర్లనుంచీ కరెంటు ఇచ్చావంటే సర్దుకుంటుంది.

స్ట్రిప్పుకి కరెంటు బోర్డు మీది పిన్ను నుంచి తియ్యకు, నేరుగా అడాప్టరు నుంచే ఇవ్వు. నెగటివ్ వైరుని మాత్రం బోర్డు గ్రౌండుకి కూడా కలపాలి. అది మరిచిపోతే సిగ్నల్ పిచ్చిపిచ్చిగా పోయి దీపాలు ఇష్టమొచ్చినట్టు మెరుస్తాయి.

మల్టీమీటర్లో వేసే పలక లాంటి 9 వోల్టుల బ్యాటరీ ఉందిగా అంటావేమో. దాని లోపల ఉన్నవి ఆరు బుల్లి సెల్లులు. ఆల్కలైన్ రకానిదైనా దాచుకునేది 500 మిల్లీఆంపియర్ అవర్లకి అటూ ఇటూ. మామూలు ఏఏ ఆల్కలైన్ సెల్లు ఒక్కటే 2000 పైన దాచుకుంటుంది. పైగా 9 వోల్టులు నీ స్ట్రిప్పుకి పడవు.

3.6కి ఓ పాతిక శాతం కలిపితే 4.5. కాబట్టి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినప్పుడు 5 వోల్టులు, 5 ఆంపియర్లది అడుగు. వెనక బీఐఎస్ గుర్తు ఉందో లేదో చూసుకో. ఎంత సరదా పుట్టినా విప్పి మాత్రం చూడకు తల్లీ: లోపల 230 వోల్టుల ఏసీ డీసీగా మారేసరికి 325 దాకా ఎక్కుతుంది, ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లో కాసేపు నిలవుంటుంది.