వియన్నాలో విమానం ఆగితే వాషింగ్టన్‌లో ప్రయాణం ఎందుకు రద్దయింది? దూరప్రయాణ విమానాల ఆలస్యం లెక్క ఇదీ

2025 జులై 2న ఢిల్లీ నుంచి వాషింగ్టన్‌కు బయలుదేరిన ఎయిరిండియా విమానం, ముందుగా నిర్ణయించిన ప్రకారమే ఇంధనం కోసం ఆస్ట్రియా రాజధాని వియన్నాలో దిగింది. అక్కడ జరిపిన సాధారణ తనిఖీల్లో ఒక మరమ్మతు అవసరమని తేలింది. దానికి ఎక్కువ సమయం పట్టే పరిస్థితి ఉండటంతో వియన్నా నుంచి వాషింగ్టన్‌కు సాగాల్సిన ప్రయాణాన్ని రద్దు చేశారు.

విషయం అక్కడితో ముగియలేదు. వాషింగ్టన్ నుంచి ఢిల్లీకి రావాల్సిన తిరుగు విమానం కూడా రద్దయింది. వాషింగ్టన్‌లో ప్రయాణానికి సిద్ధమైన వారికి వియన్నాలో జరిగిన తనిఖీతో ఏ సంబంధమూ లేదు. కానీ వారిని ఎక్కించుకోవాల్సిన విమానం మరో ఖండంలో నిలిచిపోయింది.

దూరప్రయాణ విమానాల ఆలస్యాల్లో చాలావాటి కథ ఇదే. మనం ఎదురుచూస్తున్న విమానాశ్రయంలో అంతా సవ్యంగానే ఉంటుంది. ఆలస్యం మరెక్కడో పుట్టి, విమానంతో పాటు ప్రయాణించి మన దగ్గరకు వస్తుంది. అది ఎలా వస్తుందో తెలిస్తే, ఎంతసేపు ఉంటుందో కొంతవరకు మనమే అంచనా వేసుకోవచ్చు.

ఆలస్యం అని దేన్ని అంటారు?

విమానయాన సంస్థలు ప్రతి ప్రయాణంలోనూ నాలుగు సమయాలను నమోదు చేస్తాయి. విమానం గేటు నుంచి కదిలిన సమయం, నేల విడిచిన సమయం, నేల తాకిన సమయం, తిరిగి గేటు వద్ద ఆగిన సమయం. ఆధునిక విమానాల్లో తలుపులు, పార్కింగ్ బ్రేకు, చక్రాల వద్ద ఉండే సెన్సార్ల ఆధారంగా ఈ వివరాలు వాటంతట అవే సంస్థ కార్యాలయానికి చేరుతాయి.

సమయపాలనను గేటు దగ్గరి సమయాలతోనే కొలుస్తారు. నిర్ణీత సమయం దాటిన తర్వాత 15 నిమిషాల లోపు జరిగే జాప్యాన్ని సాధారణంగా ఆలస్యంగా పరిగణించరు. భారత్‌లో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, దేశీయ విమానాల సమయపాలన వివరాలను ప్రతి నెలా ప్రకటిస్తుంది.

కొన్ని నిమిషాల తేడాకే కోర్టుకు వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నుంచి జర్మనీకి వెళ్లిన ఒక విమానం 2 గంటల 58 నిమిషాలు ఆలస్యంగా నేల తాకింది. పార్కింగ్ స్థానానికి చేరేసరికి ఆలస్యం 3 గంటల 3 నిమిషాలకు చేరింది, తలుపు ఆ తర్వాతే తెరిచారు. ఐరోపాలో పరిహారానికి 3 గంటలు గీటురాయి. ప్రయాణికులు దిగేందుకు ఒక్క తలుపైనా తెరిచిన క్షణమే విమానం చేరిన సమయమని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2014లో తీర్పు చెప్పింది.

ఆలస్యానికి కారణాన్ని కూడా సంస్థలు అంకెల్లోనే నమోదు చేస్తాయి. అంతర్జాతీయ విమానయాన సంఘం ఐఏటీఏ రూపొందించిన సంకేతాల్లో 41 అంటే విమానంలో లోపం. 72 అంటే గమ్యస్థానంలో ప్రతికూల వాతావరణం. 93 అంటే ముందటి ప్రయాణం నుంచి విమానం ఆలస్యంగా రావడం. ఐరోపా గగనతల సంస్థ యూరోకంట్రోల్ లెక్కల ప్రకారం అక్కడి మొత్తం ఆలస్యంలో దాదాపు సగం ఇలా ముందటి ప్రయాణాల నుంచి సంక్రమించినదే.

నేల మీద ఏం జరుగుతుంది?

ఒక విమానం గేటుకు చేరినప్పటి నుంచి తర్వాతి ప్రయాణానికి గేటు వదిలేవరకు పట్టే వ్యవధిని టర్న్‌అరౌండ్ సమయం అంటారు. దేశీయ మార్గాల్లో తిరిగే ఎయిర్‌బస్ ఏ320 వంటి విమానానికి సాధారణంగా అరగంట నుంచి ముప్పావు గంట చాలు. ఖండాంతర ప్రయాణాలు చేసే పెద్ద విమానానికి గంటన్నర నుంచి రెండు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది.

పెళ్లి భోజనాల బంతిని గుర్తు తెచ్చుకుంటే ఈ పని అర్థమవుతుంది. మొదటి బంతి లేచి, ఆకులు తీసి, శుభ్రం చేస్తే తప్ప రెండో బంతి కూర్చోలేదు. వంటశాలలో పని మాత్రం ఆగకుండా సాగుతూనే ఉంటుంది. విమానంలోనూ అంతే. 300 మందికి పైగా ప్రయాణికులు దిగాలి, క్యాబిన్ శుభ్రం కావాలి, భద్రతా తనిఖీ ముగియాలి, ఆ తర్వాతే బోర్డింగ్ మొదలవుతుంది. ఇవి ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిన పనులు. సామాను దించడం, ఎక్కించడం, తాగునీరు నింపడం, మరుగుదొడ్ల ట్యాంకులు ఖాళీ చేయడం, ఇంజినీర్ల పరిశీలన వంటివి పక్కపక్కనే సాగుతాయి.

ఇంధనం నింపడమే పెద్ద పని. బోయింగ్ 777-300ఈఆర్ విమానం ట్యాంకుల సామర్థ్యం 1,80,000 లీటర్లకు పైనే. భోజనాల బండి పది నిమిషాలు ఆలస్యమైనా, చక్రాల కుర్చీలో వెళ్లాల్సిన వృద్ధులకు సహాయకులు అందుబాటులో లేకపోయినా ఆ ప్రభావం చివరికి బయలుదేరే సమయం మీద పడుతుంది.

చెక్-ఇన్ అయిన ప్రయాణికుడు గేటుకు రాకపోతే, అతని సామానును వెతికి దించాకే విమానం కదలాలి. 1985లో 329 మందిని బలిగొన్న ఎయిరిండియా ‘కనిష్క’ పేలుడు తర్వాత ఈ నిబంధన ప్రపంచవ్యాప్తంగా కఠినమైంది. ఒక్క సంచి కోసం వందల మంది ఆగాల్సి రావడానికి కారణం అదే.

రాత్రి విశ్రాంతి లేని విమానం

దేశీయ విమానం రోజుకు ఐదారు ప్రయాణాలు చేసి, చాలా సందర్భాల్లో రాత్రి కొన్ని గంటలు ఒకచోట ఆగుతుంది. పగలంతా పేరుకున్న ఆలస్యం ఆ విరామంలో తీరిపోతుంది. మర్నాడు ఉదయం లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. దూరప్రయాణ విమానానికి ఆ విరామం దొరకదు. ఢిల్లీలో అర్ధరాత్రి అయితే అది మరో దేశంలో పట్టపగలు ప్రయాణికులను ఎక్కించుకుంటూ ఉంటుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఢిల్లీ, అమెరికాల మధ్య తిరిగే ఒక విమానానికి ఒక్కో ప్రయాణం 15 గంటలు, రెండు చివర్లా నేల మీద 3 గంటలు కేటాయించారనుకుందాం. పనికి నిజంగా కావాల్సింది 2 గంటలైతే, ప్రతి మజిలీలో ఒక గంట మిగులు ఉంటుంది. ఆ గంటే ఆలస్యాన్ని పూడ్చుకునే అవకాశం.

సోమవారం రాత్రి 11 గంటలకు ఢిల్లీ చేరాల్సిన ఈ విమానం 5 గంటలు ఆలస్యంగా వచ్చిందనుకుందాం. ఢిల్లీలో ఒక గంట పూడుతుంది. 4 గంటల ఆలస్యంతో బయలుదేరుతుంది. అమెరికాలో మరో గంట పూడితే 3 గంటల ఆలస్యంతో తిరుగుముఖం పడుతుంది. అది బుధవారం మధ్యాహ్నం ఢిల్లీ నుంచి మళ్లీ బయలుదేరేటప్పుడు ఆలస్యం 2 గంటలు ఉంటుంది. శుక్రవారం తెల్లవారుజామున 2 గంటలకు గానీ ఆ విమానం తిరిగి సమయానికి కదలదు.

బుధవారం నాటి ప్రయాణికుడికి ఆకాశం నిర్మలంగా కనిపిస్తుంది. అతను వేచి చూసే 2 గంటలు మాత్రం సోమవారం నాటివి. ఈ మధ్యలో మరో చిన్న అవాంతరం ఎదురైతే లెక్క ఇంకా సాగుతుంది. సంస్థ చేతిలో అదనపు విమానం ఉంటే ఈ గొలుసును తెంచవచ్చు. కానీ ఇంత ఖరీదైన విమానాన్ని ఖాళీగా ఉంచుకోవడం ఏ సంస్థకైనా భారమే.

గగనతలం మూతపడితే

భారతీయ సంస్థల విమానాలకు పాకిస్తాన్ తన గగనతలాన్ని 2025 ఏప్రిల్ 24న మూసివేసింది. ఏప్రిల్ 30న భారత్ కూడా పాకిస్తాన్ విమానాలకు అదే ఆంక్ష విధించింది. ఆ తర్వాత రెండు దేశాలూ ఈ ఆంక్షలను పొడిగిస్తూ వచ్చాయి.

దీంతో ఉత్తర భారతం నుంచి పశ్చిమానికి వెళ్లే భారతీయ విమానాలు దక్షిణంగా, అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది. దూరం పెరిగితే ఇంధనం ఎక్కువ కావాలి. ఇంధనం పెరిగితే విమానం బరువు పెరుగుతుంది, ఆ బరువును మోయడానికి మరింత ఇంధనం ఖర్చవుతుంది. అందుకే ఉత్తర అమెరికాకు వెళ్లే కొన్ని విమానాలు వియన్నా, కోపెన్‌హాగన్ వంటి చోట్ల దిగి ఇంధనం నింపుకోవడం మొదలైంది. ప్రతి అదనపు మజిలీ అంటే మరో టర్న్‌అరౌండ్, మరో తనిఖీ, ఆలస్యానికి మరో అవకాశం. ఎయిరిండియా 2025 సెప్టెంబర్ 1 నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసును నిలిపివేస్తూ చెప్పిన కారణాల్లో విమానాల ఆధునికీకరణతో పాటు ఈ గగనతల ఆంక్ష కూడా ఉంది.

ఇది తొలిసారి కాదు. 2019 ఫిబ్రవరి 27 నుంచి జులై 16 వరకు కూడా ఇదే పరిస్థితి ఎదురైంది. ఆ ఏడాది జులై 2 నాటికి ఎయిరిండియాకు రూ.491 కోట్ల నష్టం వాటిల్లిందని అప్పటి పౌర విమానయాన మంత్రి హర్‌దీప్ సింగ్ పురీ రాజ్యసభకు తెలిపారు.

సిబ్బంది గడియారం వేరు

విమానం సిద్ధంగా ఉన్నా కదలని సందర్భాలు ఉంటాయి. పైలట్ల పని గంటలు విమానం ఎగిరినప్పటి నుంచి కాక, వారు విధులకు హాజరైనప్పటి నుంచి లెక్కలోకి వస్తాయి. గేటు దగ్గర గడిచే ప్రతి గంటా ఆ పరిమితిలోంచి తరిగిపోతుంది.

సుదీర్ఘ ప్రయాణాల్లో ముగ్గురు లేదా నలుగురు పైలట్లు వంతులవారీగా విశ్రాంతి తీసుకుంటూ విమానం నడుపుతారు. గమ్యం చేరేలోపు వారి పని గంటలు పరిమితి దాటుతాయని తేలితే ప్రయాణం మొదలుపెట్టకూడదు. సంస్థ ప్రధాన కేంద్రంలోనైతే ప్రత్యామ్నాయ సిబ్బందిని పిలుస్తారు. దూరదేశంలో ఆ వెసులుబాటు లేకపోతే, నిబంధనల ప్రకారం విశ్రాంతి పూర్తయ్యేవరకు ఆగక తప్పదు. 3 గంటల ఆలస్యం ఒక్కసారిగా మర్నాటికి వాయిదా పడటం వెనక తరచూ ఉండే కారణం ఇదే. ప్రయాణికులకు ఇది అన్యాయంగా తోచవచ్చు. అలసిన పైలట్ విమానం నడపకుండా కాపాడేది మాత్రం ఈ నియమమే.

హైదరాబాద్ ప్రయాణికులకు ఏమిటి సంబంధం?

అమెరికా, ఐరోపాలకు వెళ్లే తెలుగువారిలో చాలామంది దిల్లీ, దుబాయ్, దోహా, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ వంటి కేంద్రాల్లో విమానం మారుతుంటారు. అక్కడి నుంచి శంషాబాద్‌కు వచ్చే విదేశీ విమానం కొద్ది గంటల్లోనే తిరిగి వెళ్తుంది. దాని స్థానంలో నిలిపేందుకు ఆ సంస్థకు ఇక్కడ వేరే విమానం సాధారణంగా ఉండదు. కాబట్టి ఆ విమానం తన కేంద్రం నుంచి ఎప్పుడు బయలుదేరిందనేదే హైదరాబాద్‌లో ఆలస్యాన్ని నిర్ణయిస్తుంది.

కేంద్రాలకూ వాటి ఇబ్బందులు ఉన్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు విమానాల రాకపోకలపై నిషేధం ఉంది. రాత్రి బయలుదేరాల్సిన విమానం ఆ గీత దాటితే జాప్యం ఏకంగా ఉదయం దాకా సాగవచ్చు. ఢిల్లీలో ఏటా డిసెంబర్ 10 నుంచి ఫిబ్రవరి 10 వరకు పొగమంచు కాలంగా డీజీసీఏ పరిగణిస్తుంది. ఆ రెండు నెలల్లో కనెక్షన్ విమానానికి ఎక్కువ వ్యవధి ఉండేలా చూసుకోవడం మంచిది.

మన విమానం ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి?

ఆధునిక విమానాలు ఏడీఎస్-బీ అనే విధానంలో తమ స్థానం, ఎత్తు, వేగం వంటి వివరాలను నిరంతరం రేడియో సంకేతాలుగా ప్రసారం చేస్తుంటాయి. నేల మీది రిసీవర్లు వాటిని అందుకుంటాయి. ఫ్లైట్‌రాడార్24 వంటి సేవలు ఈ సమాచారాన్నే పటం మీద చూపుతాయి. సముద్రం మధ్యలో రిసీవర్లు ఉండవు కనుక అక్కడ ఉపగ్రహాల ద్వారా లేదా అంచనాతో స్థానాన్ని చూపుతారు. విమానం పటం నుంచి కాసేపు మాయమైతే కంగారుపడాల్సిన పనిలేదు.

ప్రయాణానికి ముందు మీ సర్వీసు నంబరుతో వెతికి, దానికి కేటాయించిన విమానం రిజిస్ట్రేషన్ చూడండి. భారతీయ విమానాలకు అది ‘వీటీ’ అనే అక్షరాలతో మొదలవుతుంది. ఆ విమానం ఇప్పుడు ఏ ప్రయాణంలో ఉందో, ఎప్పుడు చేరుతుందో తెలుస్తుంది. చేరే సమయానికి పెద్ద విమానమైతే కనీసం గంటన్నర నుంచి రెండు గంటలు కలపండి. వచ్చిన సమయం మీ టికెట్‌పై ఉన్నదాన్ని దాటితే, సంస్థ ఇంకా ప్రకటించకపోయినా ఆలస్యానికి అవకాశం ఉన్నట్లే.

అయితే ప్రధాన కేంద్రాల్లో చివరి క్షణంలో విమానాన్ని మార్చే వీలుంటుంది. అందువల్ల ఈ అంచనాను నమ్మి ఇంట్లో ఆగిపోకూడదు. సంస్థ అధికారికంగా సమయం మార్చేవరకు చెక్-ఇన్ గడువు టికెట్‌పై ఉన్న సమయం ప్రకారమే ముగుస్తుంది.

ఆలస్యమైతే హక్కులేమిటి?

భారతీయ సంస్థలకు వర్తించే డీజీసీఏ నిబంధనల ప్రకారం, సుదూర విమానం 4 గంటలకు మించి ఆలస్యమయ్యే పక్షంలో ప్రయాణికులకు ఆహారం, అల్పాహారం అందించాలి. దేశీయ విమానం ఆలస్యం 6 గంటలు దాటుతుందంటే ప్రత్యామ్నాయ విమానం గానీ, పూర్తి సొమ్ము వాపసు గానీ ఎంచుకునే అవకాశం ఇవ్వాలి. ఆలస్యం 24 గంటలు దాటినా, రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయలుదేరాల్సిన విమానం 6 గంటలకు మించి ఆలస్యమైనా హోటల్ వసతి కల్పించాలి. మన దేశం నుంచి విదేశాలకు వెళ్లే విమానాల్లో చాలావరకు రాత్రివేళలోనే బయలుదేరుతాయి కనుక ఈ చివరి నిబంధన గుర్తుంచుకోదగినది. సంస్థ అదుపులో లేని అసాధారణ పరిస్థితులకు మినహాయింపులు ఉంటాయి.

యూరోపియన్ యూనియన్ దేశం నుంచి బయలుదేరే ఏ విమానానికైనా, అక్కడికి వెళ్లే ఆ దేశాల సంస్థల విమానాలకైనా వేరే చట్టం వర్తిస్తుంది. 3,500 కిలోమీటర్లకు మించిన ప్రయాణంలో 3 గంటలకు పైగా ఆలస్యంగా చేరితే 600 యూరోల వరకు పరిహారం పొందవచ్చు. విమానంలో తలెత్తే సాంకేతిక లోపాన్ని మామూలుగా అసాధారణ పరిస్థితిగా చూపలేరని అక్కడి న్యాయస్థానం 2008లోనే స్పష్టం చేసింది. అమెరికాలో 2024 నాటి నిబంధన ప్రకారం, అంతర్జాతీయ విమానం 6 గంటలు అంతకుమించి ఆలస్యమై ప్రయాణికుడు వెళ్లకూడదనుకుంటే టికెట్ సొమ్ము వాపసు చేయాలి.

కౌంటర్‌లో ‘విమానం ఆలస్యంగా వచ్చింది’ అని చెబితే అక్కడితో ఊరుకోకండి. ముందటి ప్రయాణం ఎందుకు ఆలస్యమైందో లిఖితపూర్వకంగా అడగండి. పరిహారం వస్తుందా రాదా అన్నది ఆ మూలకారణం మీద ఆధారపడి ఉండవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం టికెట్. హైదరాబాద్ నుంచి గమ్యం దాకా ఒకే టికెట్ మీద ప్రయాణిస్తూ కనెక్షన్ తప్పితే, తర్వాతి విమానంలో చోటు చూపాల్సిన బాధ్యత సంస్థది. కొంత డబ్బు ఆదా అవుతుందని విడివిడిగా రెండు టికెట్లు కొన్నవారికి ఆ రక్షణ ఉండదు. మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్‌ను ప్రయాణికుడే వదులుకోవాల్సి రావచ్చు. తొలిసారి ఒంటరిగా పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు, కళాశాలలో చేరే గడువు దగ్గరపడిన విద్యార్థులకు టికెట్ కొనేటప్పుడు ముందుగా చూడాల్సిన విషయం ఇదే.