ఇంట్లో తెలుగు... అంగట్లో కన్నడం!
రెండు భాషల బతుకు మెదడుకు మేలే

ఇంట్లో అవ్వతో తెలుగు. అంగట్లో కన్నడం. బస్సెక్కితే కండక్టరుతో తమిళం. బళ్లారి, కోలారు, హోసూరు... ఎక్కడ చూసినా పొద్దున లేస్తే ఇదే వరస. ‘వీళ్లకు ఏ భాషా సరిగా రాదు’ అని నవ్వేవాళ్లకు కొదవ లేదు. నవ్వనీండి. హైదరాబాద్‌ నిమ్స్‌లో జరిగిన పరిశోధన మాత్రం వేరే మాట చెబుతోంది.

డాక్టర్‌ సువర్ణ అల్లాడి బృందం అక్కడ 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు పరిశీలించింది. ఒకే భాష వచ్చినవారి కంటే రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివారిలోనూ ఈ తేడా కనిపించింది. 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి.

ఎవరి పని వారిదే

పుర్రెలో ఉండేది సుమారు 1,300 నుంచి 1,400 గ్రాముల ముద్ద. ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లు. ఖర్చు మాత్రం జాస్తి... ఒళ్లు వాడే శక్తిలో ఐదో వంతు దీనికే పోతుంది.

ఇందులో ఎక్కువ చోటు పెద్ద మెదడుది. నుదుటి వెనక భాగం ఆలోచిస్తుంది, కోపమొచ్చినప్పుడు నోరు అదుపులో పెట్టుకోమంటుంది. నడినెత్తి కింది భాగం స్పర్శ తెలుసుకుంటుంది. చెవుల పక్కన ఉన్నది వినికిడి, జ్ఞాపకాలు చూసుకుంటుంది. చూపు పని తల వెనక భాగానిది. అక్కడ గట్టి దెబ్బ తగిలితే కళ్లు బాగున్నా చూపు పోవచ్చు.

దాని కింద చిన్న మెదడు. నెత్తిన బిందెతో గట్టు మీద తూలకుండా నడిపించేది ఇదే. మందెక్కువైనప్పుడు అడుగులు తడబడేది కూడా దీని పట్టు తప్పడం వల్లే. ఇక వెన్నుపాముకు కలిపే మెదడు కాండం... నిద్దట్లోనూ ఊపిరి, గుండె ఆగకుండా చూస్తుంది.

కుడి చెయ్యి పడిపోతే...

ఎడమ మెదడు కుడి పక్కను, కుడి మెదడు ఎడమ పక్కను నడిపిస్తాయి. చాలామందికి మాట ఎడమ పక్కనే ఉంటుంది. 1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్‌ బ్రోకా దగ్గరికి ‘టాన్‌’ అనే ఒక్క మాట తప్ప పలకలేని రోగి వచ్చాడు. చనిపోయాక చూస్తే మెదడు ఎడమ ముందు భాగం పాడై ఉంది. అందుకే పక్షవాతంలో కుడి చెయ్యి పడిపోయినవారికి తరచూ మాట కూడా పోతుంది.

నిమ్స్‌లోనే 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో మరో వివరం ప్రకటించారు. జబ్బు తర్వాత జ్ఞాపకం, ఆలోచన మామూలుగా ఉన్నవారు రెండు భాషలవారిలో నూటికి 40 మంది. ఒకే భాషవారిలో 20 మందే. అయితే మాట పడిపోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. అక్కడ భాషలు కాపాడలేదు.

మాట పోయిన కొందరికి ఒక భాష ముందుగా, రెండోది ఆలస్యంగా తిరిగొస్తుంది. కన్నడంలో అడిగితే నోరు మెదపని పెద్దాయన తెలుగులో పలకరిస్తే బదులివ్వవచ్చు. పక్క రాష్ట్రం ఆసుపత్రిలో ‘మా నాయనకు ఇంట్లో మాట తెలుగు’ అని డాక్టరుకు, స్పీచ్‌ థెరపిస్టుకు ముందే చెప్పాలి. చాలామంది మొహమాటానికి పోయి చెప్పరు.

మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా పావురం రక్తం పూయించడానికి పరుగెత్తొద్దు. కన్నడంలో లక్వా అన్నా, తమిళంలో పక్కవాతం అన్నా జబ్బు ఒకటే. సీటీ స్కాన్‌ ఉన్న ఆసుపత్రికే నేరుగా పోవాలి. రక్తం గడ్డ కట్టి వచ్చిన పక్షవాతమైతే దాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. ఆ లెక్క ఆసుపత్రి చేరినప్పటి నుంచి కాదు, మనిషి చివరిసారి బాగా కనిపించినప్పటి నుంచి మొదలవుతుంది. డాక్టరు ముందుగా అడిగేది ఆ టైమే.